కామాలు సరే, పుస్తకం చూశారా?

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించబోతున్న వాళ్లెవరినైనా ఆపి, ‘‘రిఫరెన్సులన్నీ సరిగ్గా ఉన్నట్టేనా?’’ అని అడగండి. జవాబు రెండు ముక్కల్లో వస్తుంది. ఏపీఏ శైలి, ఏడో కూర్పు. ప్లేజరిజం 8 శాతం. గైడు అడిగేదీ అదే, పరీక్షకుడు చూసేదీ అంతవరకే, ఆఫీసులో ఫైలు కదలడానికి కావలసిన కాగితమూ అదే. పేరు తర్వాత కామా, బ్రాకెట్లో సంవత్సరం, వాలు అక్షరాల్లో పుస్తకం పేరు కుదిరితే పరిశోధన శాస్త్రీయం. కుదరకపోతే అశాస్త్రీయం. ప్రీ పీహెచ్‌డీ తరగతుల్లో చెప్పేది ఇదే. వర్క్‌షాపులు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చేది దీనికే. వ్యాసం వెనక్కి పంపడానికి పత్రికలు చూపే కారణాల్లో మొదటిదీ ఇదే.

ఇది చిన్న పొరపాటు కాదు, తలకిందుల వ్యవహారం. ఆధారం చూపడమనే పనిలో అన్నిటికన్నా తేలికైనదాన్ని, యంత్రం చేసిపెట్టగలిగినదాన్ని పీట మీద కూర్చోబెట్టి, అసలు పనిని గుమ్మం బయట నిలబెట్టాం. చెప్పిన మాట నిజంగా ఆ పుస్తకంలో ఉందా, రాసినవాడు ఆ పుస్తకం కళ్లతో చూశాడా, అనుమానం వచ్చిన పాఠకుడు అక్కడికి చేరుకోగలడా అన్నవే అసలు ప్రశ్నలు. వీటిలో ఏ ఒక్కదానికీ కామా జవాబు చెప్పదు.

కామాలన్నీ నిక్కచ్చిగా ఉన్న రిఫరెన్సు లోపల ఎంత డొల్లగా ఉండవచ్చో ఎల్సెవియర్ కథ చెబుతుంది. ఆ ప్రచురణ సంస్థ తన పత్రికలకు రాసేవాళ్ల కోసం సూచనలు తయారు చేస్తూ, పత్రికా వ్యాసాన్ని ఎలా పేర్కొనాలో చూపించడానికి ఒక నమూనా ఇచ్చింది. వాన్ డెర్ గీర్, హన్రాడ్స్, లప్టన్ అని ముగ్గురు రచయితలు. శాస్త్రీయ వ్యాసం రాసే కళ గురించి ఒక శీర్షిక. పత్రిక పేరు, సంపుటం, పుటలు. అలాంటి వ్యాసం లేదు, ఆ పేరుతో పత్రికా లేదు. అంతా ఉదాహరణ కోసం అల్లింది. అయినా ఆ లేని వ్యాసాన్ని దాదాపు 400 పత్రాలు తమ ఆధారాల జాబితాలో చూపించాయని ఆన్-విల్ హార్జింగ్ అనే పరిశోధకురాలు 2017లో బయటపెట్టారు. చాలావరకు అవి సదస్సులకు పంపిన పత్రాలు. ఆ 400 చోట్లా శైలీదోషం వెతికితే దొరికే అవకాశం తక్కువ. నమూనా అదే కదా!

సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు 2003లో దీన్ని ఇంకో వైపు నుంచి తవ్వారు. భౌతిక శాస్త్రంలో బాగా పేరున్న 1973 నాటి వ్యాసమొకటి తీసుకున్నారు. అప్పటికి దాన్ని సుమారు 4,300 సార్లు పేర్కొన్నారు. అందులో 196 చోట్ల సంపుటమో పుటో సంవత్సరమో తప్పు పడింది. విచిత్రమేమిటంటే ఆ 196 తప్పులూ 45 రకాలే. ఒకే ఒక్క తప్పు 78 సార్లు కనిపించింది. మూలం తెరిచి చూసి ఉంటే ఒకే తప్పు అంతమంది చేతుల్లో విడివిడిగా పుట్టదు. ఒకరి జాబితా నుంచి మరొకరు ఎత్తి రాసుకున్నారు. దీన్నిబట్టి పేర్కొన్నవాళ్లలో మూలం చదివినవాళ్లు 20 శాతమే అయి ఉంటారని వాళ్లు లెక్క కట్టారు. ఆ లెక్కతో పేచీ పెట్టుకోవచ్చు. మూలం చదివి కూడా జాబితా కోసం వేరేవాళ్ల వరస ఎత్తి రాసేవాళ్లు ఉంటారు. కానీ 78 మాట ఏం చేస్తాం? మన సిద్ధాంత గ్రంథాల చివర ఉండే గ్రంథసూచికలను పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎవరికైనా ఉంటే, అదే రచయిత పేరులో అదే అచ్చుతప్పు గ్రంథం నుంచి గ్రంథానికి వారసత్వంగా దిగి రావడం కనిపిస్తుంది. గైడు ఒకరే అయితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదంతా పుస్తకాల పురుగుల గొడవ అనుకునేవాళ్ల కోసం మరో సంగతి. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదే వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. రాసినవాళ్లు పోర్టర్, జిక్. ఆసుపత్రిలో ఉండగా నల్లమందు జాతి నొప్పి మందులు కనీసం ఒకసారి ఇచ్చిన 11,882 మంది రికార్డులు చూస్తే, పాత అలవాటు లేనివాళ్లలో వ్యసనం బాగా రుజువైనవి నాలుగే కేసులన్నది దాని సారాంశం. ఆసుపత్రి బయట నెలల తరబడి ఆ మందులు వాడేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2017లో అదే పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, అప్పటికి ఈ ఉత్తరాన్ని 608 సార్లు పేర్కొన్నారు. నూటికి 72 మంది దాన్ని వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా వాడుకున్నారు. అది ఆసుపత్రిలో చేరిన రోగుల సంగతి మాత్రమేనని నూటికి 80 మంది చెప్పనే లేదు. ఆ మందుల వల్ల అమెరికాలో ఎన్ని వేల ఇళ్లు కూలాయో లోకానికి తెలుసు. ఆ వందల రిఫరెన్సుల్లో పత్రిక పేరు, సంపుటం, పుట సంఖ్య బహుశా సరిగ్గానే ఉంటాయి. అయిదు వాక్యాలు చదవడానికి పట్టే తీరిక మాత్రం లేకపోయింది.

ఇప్పుడు యంత్రాలే రిఫరెన్సులు పుట్టిస్తున్నాయి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఒక ప్రయాణికుడు విమానయాన సంస్థ మీద వేసిన దావాలో, లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఆధారంగా చూపించారు. కక్షిదారుల పేర్లు, సంపుటం, పుట, సంవత్సరం అన్నీ కోర్టు పద్ధతిలో ఉన్నాయి. తీర్పులు మాత్రం లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆకారం చూసి రిఫరెన్సును నమ్మడం అలవాటైనవాళ్లను మోసం చేయడం ఈ యంత్రాలకు చాలా సులువు, ఎందుకంటే వాటికి బాగా చేతనైన విద్య ఆకారమే. ‘‘శైలి సరిగ్గా ఉందా లేదా’’ అని మాత్రమే చూసే పరీక్షకుడు ఈ కాలంలో సరిగ్గా అబద్ధాలను మాత్రమే పాస్ చేయగలడు. తడబడుతూ నిజం రాసుకొచ్చిన విద్యార్థిని ఫెయిల్ చేయగలడు.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు గ్రంథాలకు ఏపీఏ తొడుగు తొడిగినప్పుడు జరిగే వింతలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంటిపేరు చివర ఉండే దేశాల్లో పుట్టిన పద్ధతి అది. చివరి ముక్క ముందుకు తెచ్చి, మిగిలినవి పొడి అక్షరాలు చేయమంటుంది. మనకు ఇంటిపేరు మొదటే ఉంటుందాయె. దాంతో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ‘శాస్త్రి, వి.పి.’ అవుతారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ ‘శర్మ, ఎం.ఎస్.’ సురవరం ప్రతాపరెడ్డి ‘రెడ్డి, ఎస్.పి.’ బిరుదురాజు రామరాజు ‘రాజు, బి.ఆర్.’ నాయని కృష్ణకుమారి గారికి కుమారి అని ఇంటిపేరు పెట్టిన మహానుభావులున్నారు. శ్రీశ్రీని ‘శ్రీ, ఎస్.’ అని రాసినవాళ్లను ఏమనాలో నాకు తోచడం లేదు. జాబితా అంతా రావులు, రెడ్లు, శర్మలు, శాస్త్రులుగా కులాల వారీగా వరసకడుతుంది. వేటూరి వారి కోసం ‘వే’ దగ్గర వెతికే తెలుగు పాఠకుడికి అక్కడ ఎవరూ ఉండరు. ఇది శాస్త్రీయతా? మూలాన్ని దొరక్కుండా చేసే పద్ధతిని ఆధారం చూపడమని ఎలా అనగలం?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ పాపం శైలి పుస్తకాలది కాదు. భారతీయుల పేర్లు ప్రాంతాన్నిబట్టి, వ్యక్తినిబట్టి మారతాయని చికాగో మాన్యువలే ఒప్పుకుంటుంది. తెరవని పుస్తకం పేరు చెప్పి జరిమానాలు వేసేవాళ్లది పాపం. ఏపీఏ మాన్యువల్ తెరిచి చదివిన గైడ్లు ఎందరుంటారో గాని, రెండు పేజీల జిరాక్సు మాత్రం ప్రతి డిపార్ట్‌మెంటులోనూ చేతులు మారుతూ ఉంటుంది.

సంవత్సరం సంగతి ఇంకా విడ్డూరం. ‘‘మధురవాణి పాత్రలో ఈ మార్పు కనిపిస్తుంది (గురజాడ, 2012)’’ అని రాసి ఉంటుంది. గురజాడ 1915లో పోయారు. ఆ 2012 విద్యార్థి చేతిలో ఉన్న ప్రతి అచ్చయిన ఏడాది. సరే, అది ఏ కన్యాశుల్కం? 1897లో వచ్చిన మొదటిదా, 1909లో గురజాడ తిరగరాసి బాగా పెంచిన రెండోదా? ఆ రెండూ దాదాపు రెండు నాటకాలు. మధురవాణి మీద ఏ వాదన నిలబడాలన్నా ఈ తేడా చెప్పక తప్పదు. ‘గురజాడ, 2012’ అన్నది చూడ్డానికి నిక్షేపంగా ఉండి, అవసరమైన ఆ ఒక్క సంగతినే మింగేస్తుంది. మొదటి సంవత్సరం, చేతిలో ఉన్న ప్రతి సంవత్సరం గీత పెట్టి పక్కపక్కన చూపించే వీలు ఏపీఏలోనే ఉంది. రెండు పేజీల జిరాక్సులో ఆ ముక్క ఉండదు కాబట్టి మన గ్రంథాల్లోనూ ఉండదు.

పద్యాల దగ్గర పుట సంఖ్య అడగడం మరో మొండితనం. భారతంలో పద్యం చెప్పేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య చెప్పడం తెలుగులో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఎవరి ఇంట్లో ఏ ముద్రణ ఉన్నా ఆ మూడు ముక్కలు పట్టుకొని పద్యం దగ్గరకు వెళ్లిపోవచ్చు. పుట సంఖ్య ఒక్క ముద్రణకే పనికొస్తుంది. కానీ ఒక పరీక్షకుడు ‘‘ఆది. 1’’ అని మొదలయ్యే సూచనలన్నీ కొట్టేసి పుటలు వేయించిన సంగతి నాకు తెలుసు. ఆయన అనుకున్న అంతర్జాతీయ ప్రమాణంలో బైబిలుకు, షేక్‌స్పియర్‌కు పుట అడగరు. అధ్యాయం, అంకం, పంక్తి అంటారు. ఆ మినహాయింపు నన్నయకు తిక్కనకు కూడా వర్తిస్తుందని ఊహించడానికి పెద్ద ధైర్యమేం అక్కర్లేదు.

పద్య సంఖ్య కూడా ముద్రణ పేరు లేకపోతే చాలదు. వేమన సంగతే తీసుకోండి. బ్రౌన్ దొర 1829లో మొదటిసారి అచ్చు వేశాడు, 1839లో పద్యాలు బాగా పెంచి మళ్లీ వేశాడు. ఆయన విషయాన్నిబట్టి విభాగాలు చేశాడు. తర్వాత వచ్చిన ఎన్నో ప్రచురణలు అకారాది పెట్టాయి, కొన్నిట్లో పద్యాలు వేలు దాటాయి. ‘వేమన, 214’ అని రాస్తే అది దేనికీ చిరునామా కాదు. అసలు ఈ పద్యం వేమనదేనా అన్న అనుమానం వచ్చిన చోట, బ్రౌన్ కూర్పులో ఉందా లేదా అన్నది పరిశోధనలో సగం పని. అలాగే భారతానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సంశోధిత ముద్రణ ఉంది, వావిళ్ల ఉంది, తిరుమల తిరుపతి దేవస్థానం వారి వ్యాఖ్యాన సహిత ముద్రణ ఉంది. పద్య సంఖ్యలు అక్కడక్కడా జరుగుతాయి, పాఠాలు మారతాయి. పాఠభేదం మీద వాదం నిలబెట్టి ముద్రణ చెప్పకపోవడం, ‘‘ఆరుద్ర చెప్పినట్లు’’ అని రాసి సమగ్ర ఆంధ్ర సాహిత్యంలో సంపుటం పేరెత్తకపోవడం మన దగ్గర నేరాలు కావు. కామా మాత్రం నేరం.

పాత పుస్తకాల ముఖపత్రాలు చూసినవాళ్లకు ఇంకో చిక్కు తెలుసు. చాలాచోట్ల ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, వికారి అనో వికృతి అనో ఉంటుంది. ఆ చక్రం 60 ఏళ్లకు ఒకసారి తిరుగుతుంది. వికారి అంటే 1899 కావచ్చు, 1959 కావచ్చు. కాగితం, అచ్చు, ముద్రాపకుడి పేరు చూసి నిర్ణయించుకోవాలి. నిజాయితీపరుడైతే ‘వికారి (1959 కావచ్చు)’ అని రాస్తాడు. ఫార్మాట్‌కు భయపడ్డవాడు 1959 అని ఖాయం చేస్తాడు, లేదా ‘తేదీ లేదు’ అని రాసి, ముఖపత్రం మీద స్పష్టంగా ఉన్న ఆధారాన్ని పారేస్తాడు. ఊరి పేరు కూడా అంతే. ఎంఎల్‌ఏ, ఏపీఏ శైలులు, ఇప్పుడు చికాగో కూడా, ప్రచురణ స్థలం అక్కర్లేదని తీసేశాయి. న్యూయార్క్, లండన్ కంపెనీల పుస్తకాలకు ఊరుతో పనేముంది? కానీ రచయితే సొంత ఖర్చుతో వేసుకొని తన ఊళ్లోనే పంచిపెట్టిన తెలుగు పుస్తకానికి ఆ ఊరి పేరే జాడ. అది చెరిపేస్తే ఆ పుస్తకం కోసం ఏ గ్రంథాలయం తలుపు తట్టాలో ఎవరికీ తెలియదు. ఇక తెలుగు అచ్చులో వాలు అక్షరాలన్న సంప్రదాయమే లేదు. కంప్యూటరు అక్షరాన్ని పక్కకు తోసి, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడేలా చేస్తుంది. కొటేషన్ గుర్తులు పెడితే చాలదా అంటే ‘‘రూలు ఒప్పుకోదు సార్’’ అంటారు.

ఆ రూలు ఎక్కడ పుట్టిందో కూడా చూద్దాం. రచయిత పేరు, పక్కన సంవత్సరం పెట్టే పద్ధతికి మొదటి ఉదాహరణగా 1881లో ఎడ్వర్డ్ మార్క్ అనే జంతుశాస్త్రవేత్త ఒక జాతి నత్త మీద రాసిన వ్యాసాన్ని చూపిస్తారు. ప్రయోగ శాస్త్రాలకు అది బాగా నప్పింది, ఎందుకంటే అక్కడ ఎవరు ముందు కనిపెట్టారు, ఫలితం ఎంత కొత్తది అన్నవి ముఖ్యం. ఏపీఏ 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. మనస్తత్వశాస్త్ర పత్రికలకు వచ్చే రాతప్రతులు ఒక తీరుగా ఉండాలన్నది వాళ్ల అవసరం. ఇవాళ దాని ఏడో కూర్పు 400 పేజీలు దాటింది. వాంకూవర్ పద్ధతి 1978లో ఆ ఊళ్లో సమావేశమైన వైద్య పత్రికల సంపాదకుల పుణ్యం. అంటే ఇవన్నీ ఆయా వృత్తులవాళ్లు తమ పని సుఖంగా సాగడానికి చేసుకున్న ఏర్పాట్లు. వాళ్ల సరుకును బట్టి వాళ్లు కొలత చేసుకున్నారు. మన శాసనాల పరిశోధకులూ అదే చేశారు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో తెలుగు శాసనాలున్న పదో సంపుటం తీసుకుంటే, ఎవరైనా శాసనం సంఖ్యే చెబుతారు గాని పుట చెప్పరు. మల్లంపల్లి వారిని ఏపీఏ అడిగినవాళ్లు లేరు. ఆయన చూపిన శాసనాన్ని ఇవాళ కూడా వెళ్లి పట్టుకోవచ్చు.

ఇక్కడ రెండో వైపు నుంచి ఒక గొంతు లేస్తుంది. ‘‘ఆధారాలు చూపడమే పడమటివాళ్ల అలవాటు, మన పెద్దలు ఫుట్‌నోట్లు రాశారా?’’ అని. కామాల భక్తులకు, వీళ్లకు పడదు గాని, ఇద్దరిదీ ఒకే అపోహ. ఆధారమంటే ఆ ఆకారమేనని ఇద్దరూ నమ్ముతారు. మెదక్ ప్రాంతపు కొలచాలలో పుట్టిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలం లేనిదేదీ రాయనని, అక్కర్లేనిదేదీ చెప్పనని ముందే మాట ఇచ్చాడు. ఇప్పటి జర్నళ్ల నియమావళులన్నీ కలిపినా అంతకన్నా కఠినమైన షరతు దొరకదు. మన లక్షణ గ్రంథకర్తలు సూత్రం చెప్పి ఊరుకోలేదు, ఫలానా కవి ఫలానా కావ్యంలో ఇలా వాడాడని పద్యం ఎత్తి చూపించారు. మడికి సింగన సకలనీతిసమ్మతంలో తనకన్నా ముందటి నీతి గ్రంథాల నుంచి పద్యాలు ఏరి, ఏది ఏ గ్రంథంలోదో చెప్పాడు. శివదేవయ్య పురుషార్థసారం మనకు దక్కలేదు. దాని పద్యాలు కొన్నయినా చూడగలుగుతున్నామంటే సింగన పేరు చెప్పి ఎత్తి రాయడం వల్లనే. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరం కూడా అలాంటిదే. తంజావూరు సరస్వతీమహల్‌లో ఆ సంకలనం చూసి, అందులోంచి అలభ్య కావ్యాల పద్యాలను వేటూరి వారు ప్రబంధరత్నావళిగా వెలికి తెచ్చారు. జగ్గన ‘ఈ పద్యం ఫలానావారిది’ అన్న రెండు ముక్కలు రాయకపోయి ఉంటే, ఎందరో కవులు పేరుకైనా మిగిలేవారు కాదు. జగ్గనకు ఇటాలిక్స్ తెలియవు. పద్యం ఎవరిదో చెప్పి తీరాలని తెలుసు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం వారు ఇచ్చిన జవాబు గుర్తుంది కదా. కోపంగా వ్యాసం రాసి ఊరుకోకుండా, 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను తెచ్చి ముందు నిలబెట్టారు. వివాదం అక్కడితో ముగిసింది. ఆధారం చేయగల పని అది.

ఇక శాతాల సంగతి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే చర్య లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి. 60 వరకు అయితే ఏడాదిపాటు సమర్పించే వీల్లేదు. ఆ పైన రిజిస్ట్రేషనే రద్దు. అదే నిబంధనల్లో ప్లేజరిజం అంటే ఇతరుల రచననో ఆలోచననో తనదిగా చెప్పుకోవడమని నిర్వచనం కూడా ఉంది. ఆలోచన! సాఫ్ట్‌వేర్‌కు ఆలోచన తెలియదు, వరసగా వచ్చే మాటలే తెలుసు. ఒక ఇంగ్లీషు వ్యాసం తెచ్చి తెలుగులోకి మార్చి పెడితే దానికి అంతా కొత్తగానే కనిపిస్తుంది. మన పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి స్కాన్ చేసిన బొమ్మలే ఉన్నాయి, వెతకగలిగే పాఠం లేదు. వాటిలోంచి పేజీలకు పేజీలు దించినా పోల్చడానికి అవతల ఏమీ ఉండదు. పైగా నిజాయితీగా మూలంలోని వాక్యాలు దగ్గరగా చెప్పినవాడికి శాతం పెరుగుతుంది. మాటలు అటూ ఇటూ మార్చి, ఎవరి పేరూ చెప్పకుండా ఆలోచన కొట్టేసినవాడికి తగ్గుతుంది. ఆ తగ్గించే పనికి జిరాక్సు షాపుల పక్కన ధరల పట్టికలే వెలిశాయి. దొంగతనం పట్టుకోవాలని తెచ్చిన నిబంధన, పనితనం ఉన్న దొంగను వదిలేసి, అమాయకుణ్ణి ఆరు నెలలు కూర్చోబెడుతోంది.

నాకు ఎదురు చెప్పేవాళ్ల దగ్గర కొన్ని బరువైన మాటలు లేకపోలేదు. ఒక పత్రికలో ఇరవై వ్యాసాలు ఇరవై తీర్లుగా ఉంటే చదివేవాడికి చికాకన్నది నిజం. అందుకే పత్రిక ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఆ పద్ధతికి మార్చి పెట్టే పని మాత్రం పత్రికది, జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ది. 2006 నుంచి ఉన్న ఆ పరికరం ఒక నొక్కుతో ఏపీఏను చికాగో చేస్తుంది. తెలుగు పేర్ల దగ్గర అది కూడా తప్పటడుగు వేస్తుంది కాబట్టి, సరిదిద్దడానికి ఒక మనిషి కూడా కావాలి. ఆ మనిషి పరిశోధకుడే కానక్కర్లేదు. సూచికలు తయారుచేసే యంత్రాలకు ఒకే రూపం కావాలంటారు. ఇవాళ యంత్రాలు పత్రాన్ని గుర్తుపట్టేది డీఓఐ సంఖ్యతో. మన వికారి నామ సంవత్సరపు పుస్తకానికి అది ఎలాగూ లేదు. మూడో మాటకు మాత్రం నేను కొంత తగ్గుతాను. కొత్తగా పరిశోధనకు వచ్చిన పిల్లలకు కట్టుదిట్టమైన రూపం ఒకటి ఇస్తే, రచయిత, ముద్రణ, సంవత్సరం మరిచిపోకుండా రాసుకునే అలవాటు పడుతుందని అంటారు. పడుతుంది. మొదటి ఏడాది ఆ తాడు మంచిదే. నాలుగో ఏట, గ్రంథం సమర్పించే రోజున కూడా పరీక్షించేది ఆ తాడునే అయితే, మిగతా మూడేళ్లు ఏం నేర్పినట్టు? యూజీసీ పరిశోధన, ప్రచురణ నైతికత పేరుతో రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. ఆ గంటల్లో బ్రాకెట్ల బదులు, ఒక్క రిఫరెన్సును మూలం దాకా వెంటాడి తెచ్చే పని చేయించినా విద్యార్థికి దక్కేది ఎక్కువ.

అందుకని ఒక సూచన. ఖర్చు లేనిది. వైవాకు వారం ముందు పరీక్షకుడు సిద్ధాంత గ్రంథంలోంచి తన ఇష్టం వచ్చిన అయిదు రిఫరెన్సులు ఎంచి పంపాలి. గ్రంథసూచిక చివరి పేజీల్లోంచి కాదు, వాదన నిలబడ్డ చోట్ల నుంచి. అభ్యర్థి ఆ అయిదు చోట్లకూ మూలం తెచ్చి చూపించాలి. పుస్తకం తేలేకపోతే ఆ పుట ఫొటో, ముఖపత్రం ఫొటో ఫోన్లో ఉన్నా చాలు. ఇతరుల పుస్తకంలో చూసి రాసినదైతే ఆ సంగతి గ్రంథంలో ముందే చెప్పి ఉండాలి. మూలంలో ఉన్నదానికి, గ్రంథంలో రాసినదానికి పొంతన ఉందో లేదో అందరి ఎదుటా చదివి చూడాలి, నివేదికలో ఆ అయిదింటి ఫలితం రాయాలి. అందులో రెండు కుదరకపోతే గ్రంథం వెనక్కి వెళ్లాలి. పుల్‌స్టాప్ బదులు కామా పడిందని మాత్రం ఎవరి గ్రంథమూ వెనక్కి వెళ్లకూడదు.